యూమిక్-1 మైక్, ఒక పురికొస, కొన్ని ఆదివారాలు

ముందే చెప్పేస్తున్నా, ఇది పాటలు పాడుకునే మైక్ కాదు. హాంగ్‌కాంగ్‌కి చెందిన మినీడీఎస్పీ అనే కంపెనీ చేసే కొలతల మైక్. యూఎస్‌బీ వైరుతో నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలించుకోవడమే, చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మన గదిలో, మనం కూర్చునే చోట ఏమై చేరుతోందో గ్రాఫ్ గీయించడం తప్ప ఇంకో పనికి రాదు. "దానికి పాట రాదు, మాట రాదు, మరి ఎందుకు కొన్నట్టు?" అని మా ఆవిడ అడిగింది. ఆవిడకు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబే ఈ రివ్యూ అనుకోండి.

అసలు కథ స్పీకర్లతో మొదలైంది. కెఫ్ క్యూ150 జత తీసుకున్నా. 2017లో వచ్చిన మోడల్, ఐదుంపావు అంగుళాల కోన్, దాని నడిబొడ్డునే పై శబ్దాలు పలికే ట్వీటర్ (కెఫ్ వాళ్ళు 1988 నుంచి యూని-క్యూ అని పిలుచుకుంటున్న పద్ధతి అది). షాపులో విన్నప్పుడు గొంతులు గాల్లో తేలుతున్నట్టు ఉన్నాయి. ఇంటికి తెచ్చి రెండో బెడ్‌రూమ్‌లో కేబినెట్ మీద గోడకి అరడుగు ఎడంగా పెట్టా. అరడుగు లెక్క షాపాయన చెప్పిందే, "చిన్న గదే కదా సార్, అరడుగు చాలు" అన్నాడు. ఒక స్పీకర్ బీరువా పక్కన మూలలోకి పోయింది, రెండోది తలుపు వైపు. ఎదురు గోడకి ఆనించి ఉన్న దివాన్ మీద కూర్చుని కచేరీ ఒకటి పెట్టా. మృదంగం తొప్పి (లోతుగా మోగే వైపు) మీద పడ్డ ప్రతి దెబ్బా ఒకటే శ్రుతిలో బుం, బుం. పై ఫ్లాట్‌లో ఎవరో రోలు దొర్లిస్తున్నట్టు. పాడుతున్నాయన గొంతేమో బీరువా వైపు లాగేసి, తలుపు దగ్గర తంబురా ఒక్కటే మిగిలింది.

నెల రోజులు స్పీకర్లనే తిట్టుకున్నా. యాంప్లిఫైయర్ మీద అనుమానపడ్డా, కేబుళ్ళు మార్చా, స్పీకర్ వెనక ఉండే రంధ్రంలో పాత సాక్సు చుట్టి కుక్కా (దీనివల్ల కొంచెం లాభం ఉంది, బుం తగ్గింది, దాంతోపాటు బేసూ తగ్గింది). చివరికి అమ్మేద్దామని ప్రకటన కూడా టైప్ చేశా. అప్పుడు విజయవాడ ఫ్రెండ్ ఫోన్లో, "బావా, ఇంకో జత తెచ్చినా ఆ బుం ఎక్కడికీ పోదు, అది నీ గదిది. ముందు కొలువు, తర్వాత అమ్ముదువు గాని" అన్నాడు. వాడి మాట మీద ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌ని కలుపుకుని నలుగురం చందా వేసుకుని మైక్ తెప్పించాం. ఈ వస్తువు గురించి నేనివ్వగలిగే మొదటి సలహా కూడా ఇదే, ఒక్కళ్ళే కొనకండి. ఒక ఇంట్లో దీని పని కొన్ని ఆదివారాల్లో అయిపోతుంది, తర్వాత అలమరలో పడుకుంటుంది.

మైక్ రాకముందే టేపు పట్టుకుని గది కొలిచా. పొడవు 13 అడుగులు, వెడల్పు 11, ఎత్తు తొమ్మిదిన్నర. ఇటుక గోడలు, పైన స్లాబు, కింద టైల్స్. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మనం చూసే వీడియోల్లో చాలావరకు అమెరికా ఇళ్ళు, చెక్క ఫ్రేముల మీద జిప్సం బోర్డు కొట్టిన గోడలు. అవి బేస్‌కి కాస్త వణుకుతాయి, ఆ వణుకులో కొంత మింగేస్తాయి, కొంత అవతలి గదిలోకి వదిలేస్తాయి. మన ఇటుక గోడ దేన్నీ మింగదు. వచ్చింది వచ్చినట్టు తిప్పి కొడుతుంది. అందుకే వాళ్ళ గదిలో కొంచెం ఎక్కువైన బేస్ మన గదిలో రోలు దొర్లినట్టు వినిపిస్తుంది.

లెక్క సులువు. 565ని గది కొలతతో, అడుగుల్లో, భాగించండి. ఆ గోడల మధ్య ఏ హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే కొలత) దగ్గర శబ్దం ఊగిసలాడుతుందో వస్తుంది. మా 13 అడుగులకి 43.5, 11కి 51, ఎత్తుకి 59. వీటికి రెట్టింపుల దగ్గర, మూడింతల దగ్గర కూడా ఊగుతుంది కానీ పెద్ద విలన్లు ఈ మొదటివే. 43.5 హెర్ట్జ్ అలకి పొడవు 26 అడుగులు, అంటే గదికి సరిగ్గా రెట్టింపు. ఈ ఊగే శబ్దానికి గోడ దగ్గర ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. నేనేం చేశాను? స్పీకర్లని ఈ గోడకి దగ్గరగా పెట్టా, తలకాయని ఆ గోడకి ఆనించా. బుం రాక ఏమొస్తుంది?

మైక్ వచ్చాక చేయాల్సిన మొదటి పని, దాని మీద ఉన్న సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్లో కొట్టి ఆ మైక్‌కి చెందిన కాలిబ్రేషన్ ఫైల్ (దాని కొలతల్లో తప్పుల్ని సరిదిద్దే లెక్క) దింపుకోవడం. ప్రతి మైక్‌నీ విడిగా కొలిచి ఫైల్ ఇస్తారు, దీని విలువంతా అందులోనే ఉంది. ఫోన్లో ఏదో యాప్ వేసుకుని కొలిచేస్తాం అనేవాళ్ళకి కూడా ఇదే జవాబు. ఫోన్ మైక్ మాటల కోసం చేసింది, కింది బేస్ దగ్గర దాని మాట నమ్మలేం. ఫైళ్ళు రెండు ఇస్తారు, మైక్‌ని స్పీకర్ల వైపు చూపిస్తే ఒకటి, నిలువుగా పైకప్పు వైపు చూపిస్తే ఇంకొకటి. రెండు స్పీకర్ల స్టీరియోకి మొదటిది వాడండి, మైక్‌ని రెండు స్పీకర్ల మధ్యకి చూపించండి. నేను మొదటి ఆదివారమంతా మైక్‌ని అడ్డంగా పెట్టి నిలువు ఫైల్ వేసుకున్నా, పై శబ్దాల గీత పైకి లేచి కనబడితే ట్వీటర్ పాడైందేమోనని టెన్షన్ పడ్డా.

సాఫ్ట్‌వేర్ పేరు రూమ్ ఈక్యూ విజార్డ్. జాన్ మల్కాహీ అనే ఆయన రాసింది, ఉచితం. మొదట తెరిస్తే విమానం కాక్‌పిట్‌లా ఉంటుంది, భయపడకండి, పదింట్లో ఎనిమిది బటన్లు మనకి అక్కర్లేదు. మెజర్ అని నొక్కితే స్పీకర్లోంచి లోతైన ఊఊ అనే శబ్దం మొదలై, పైకి పైకి పాకుతూ, చివరికి ఈల స్థాయి దాటి వినబడకుండా పోతుంది. ఐదారు సెకన్లు అంతే. అంతలోనే గ్రాఫ్ వచ్చేస్తుంది. ఎడమది విడిగా, కుడిది విడిగా, రెండూ కలిపి, ఇలా మూడు తీయాలి. స్పీకర్ కదిలించినప్పుడల్లా మళ్ళీ మూడు.

మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు. ఫ్యాను ఆపాలి, కూలర్ ఆపాలి, కిటికీలు మూయాలి. చెమటలు కారుతూ ల్యాప్‌టాప్ మీద వంగి కూర్చుంటే సరిగ్గా స్వీప్ (ఆ పైకి పాకే శబ్దం) నడుమ కుక్కర్ విజిల్ వేస్తుంది. గ్రాఫ్‌లో ఆ విజిల్ కూడా పడుతుందేమో అని మళ్ళీ కొలుస్తాం. మూడో ఆదివారానికి అమ్మ, "ఒరే, ఆ అంబులెన్సు మన వీధిలోకే ఎందుకొస్తోందిరా ఇన్నిసార్లు?" అంది.

మొదటి గ్రాఫ్ చూశాక స్పీకర్లకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నా. 43 హెర్ట్జ్ దగ్గర 13 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) గుట్ట. 200 దగ్గర ఒక గొయ్యి. గుట్ట సంగతి పైన చెప్పిందే. గొయ్యికి వేరే కారణం ఉంది. స్పీకర్ నుంచి వెనక్కి పోయిన శబ్దం గోడకి తగిలి తిరిగొచ్చి ముందుకెళ్ళే శబ్దంతో కలుస్తుంది కదా, స్పీకర్ ముఖానికీ వెనక గోడకీ ఉన్న దూరం అలలో నాలుగో వంతు అయిన చోట రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 282ని ఆ దూరంతో, అడుగుల్లో, భాగిస్తే ఆ చోటు తెలుస్తుంది. నా స్పీకర్ వెనక అరడుగు ఖాళీ, దాని లోతు పదకొండు అంగుళాలు, అంటే ముఖం గోడకి 17 అంగుళాల దూరం. లెక్క వేస్తే 199. గ్రాఫ్‌లో 200. నిజం చెప్తున్నా, ఆ అంకె కలిసినప్పుడు పదో తరగతిలో లెక్కల మార్కులు చూసుకున్నంత సంతోషం వేసింది. మగ గొంతుకి నిండుదనం ఇచ్చేది ఆ చుట్టుపక్కలే, గాయకుడు జలుబు చేసినట్టు ఎందుకు వినబడ్డాడో కూడా అర్థమైంది.

ఇక కదపడం. మొదట స్పీకర్ల జోలికి పోకుండా దివాన్‌ని జరిపా. గోడ నుంచి ఒక్కో అడుగు ముందుకి జరుపుతూ ప్రతిసారీ కొలిచా. అడుగు జరిపితే పెద్ద తేడా లేదు. మూడడుగులకి గుట్ట కరగడం మొదలైంది. ఆరున్నర దగ్గర, అంటే గది నట్టనడుమ, 43 మొత్తం మాయమైపోయి తొప్పి దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు అయింది. ఐదడుగుల దగ్గర కుదిరింది, 13 ఉన్న గుట్ట నాలుగైదుకి దిగింది. గది పొడవులో 38 శాతం దగ్గర కూర్చోమని స్టూడియోల వాళ్ళలో ఒక మాట ఉంది, మా గదికి లెక్క వేస్తే నా వెనక గోడ నుంచి 4.9 అడుగులు. నేను మాత్రం ఆ సూత్రం తెలియకుండా నడుం నొప్పితో కనుక్కున్నా.

చూశారా, ఈ కదపడానికి రూపాయి ఖర్చు లేదు. నేను మార్చిన కేబుళ్ళన్నీ కలిపి గ్రాఫ్ మీద వెంట్రుకవాసి తేడా చూపించలేదు (అవును, పాత కేబుల్ వేసి, కొత్తది వేసి, రెండూ కొలిచా, ఒక గీత మీద ఇంకో గీత అతుక్కుపోయింది). దివాన్ ఎనిమిది తొమ్మిది డెసిబెల్స్ తేడా చూపించింది.

తర్వాతి గొడవ బీరువా. అది ఎడమ స్పీకర్ పక్కనే ఉండటంతో ఎడమ గ్రాఫ్ ఒకలా, కుడి గ్రాఫ్ ఒకలా. గొంతు ఆ పక్కకి లాగడానికి అదే కారణం. రెండు వైపులా ఒకేలా ఉంటే తప్ప మధ్యలో బొమ్మ (గొంతు ఫలానా చోట ఉందనిపించే భ్రమ) నిలబడదు. బీరువా జరుపుదామని నోరు తెరిచానో లేదో అమ్మ, "నైరుతిలో ఉన్న బీరువాని కదుపుతావా? పాటల కోసం?" అంది. అక్కడితో చర్చ ముగిసింది. రెండు రోజులు ఆలోచించి, బీరువాని కదపకుండా నేనే తిరిగా. స్పీకర్లని ఎదురు గోడకి, దివాన్‌ని అటు తిప్పి ఇటు. ఇప్పుడు బీరువా నా వెనక మూలలో. దివాన్ వెనక ఐదడుగులు ఖాళీ కాబట్టి దాని తలుపు హాయిగా తెరుచుకుంటుంది, అంతకుముందు కేబినెట్ అంచుకి తగిలేది. అమ్మ కూడా "ఇప్పుడు బావుంది గది" అంది, ఆవిడ మాట్లాడింది బీరువా గురించే అనుకోండి.

అయితే బీరువా ఊరికే కూర్చోలేదు. స్వీప్ 50, 60 మధ్యకి వచ్చినప్పుడల్లా లోపల్నుంచి సన్నగా ఝుమ్మని మోత. సాఫ్ట్‌వేర్‌లో ఒకే శ్రుతిని ఆగకుండా వాయించే జనరేటర్ ఉంది, దాన్ని పెట్టి, కొద్దికొద్దిగా మారుస్తూ, బీరువా మీద చెవి పెట్టి వెతికా. పై అరలో మా ఆవిడ గాజుల స్టాండు. దాని కింద తువ్వాలు పరిచా. తలుపు హ్యాండిల్‌కి సైకిల్ ట్యూబు ముక్క. ఇలాంటివి ప్రతి ఇంట్లో ఉంటాయి, పాట నడుస్తుంటే స్పీకరే చిరిగిందేమో అనిపించే చప్పుళ్ళు, ట్యూబ్‌లైట్ పట్టీలు, దేవుడి పటాలు, ఫ్యాను కప్పులు. ఒక్క స్వీప్‌తో దొంగలందరూ బయటపడతారు.

స్పీకర్ల దూరం తేల్చడానికి మాత్రం చాలా ఆదివారాలు పోయాయి. ఇంటర్నెట్‌లో సూత్రాలకి కొదవ లేదు. కేబుళ్ళ కంపెనీ కార్డాస్ వాళ్ళ సూత్రం ప్రకారం గది వెడల్పుని 0.276తో గుణిస్తే పక్క గోడ నుంచి దూరం, 0.447తో గుణిస్తే వెనక గోడ నుంచి దూరం. మా 11 అడుగులకి లెక్క వేస్తే పక్కన మూడడుగులు, వెనక దాదాపు ఐదడుగులు. పదమూడు అడుగుల గదిలో స్పీకర్లు ఐదడుగులు ముందుకొచ్చి నిలబడితే ఆ గదిలోకి రావడానికి మనిషి పక్కకి తిరిగి నడవాలి. పెట్టి చూశా, అబద్ధం చెప్పను, బొమ్మ లోతు అద్భుతంగా ఉంది. గంట సేపు విని, మా అమ్మాయి ఒక స్టాండుకి కాలు తగిలించుకోగానే తీసేశా.

తర్వాత మూడడుగుల సలహా. అందరూ చెప్పేదే, గోడ నుంచి మూడడుగులు లాగమని. అంత చోటు లేక ముఖాన్ని 30 అంగుళాల దగ్గర పెట్టా. పక్క గోడకి 28. నేల నుంచి కోన్ మధ్యకి 32. పెట్టి కొలిస్తే 100కీ 120కీ మధ్య పాత గొయ్యి కంటే పెద్ద గొయ్యి. ఇది నాకు ముందు అర్థం కాలేదు. అమెరికా స్పీకర్ డిజైనర్ రాయ్ ఆలిసన్ 1974లోనే దీని గురించి రాశాడు: స్పీకర్ నుంచి వెనక గోడకి, పక్క గోడకి, నేలకి ఉన్న దూరాలు దగ్గరదగ్గరగా ఉంటే మూడూ కలిసి ఒకే చోట గొయ్యి తవ్వుతాయి. వేరువేరుగా ఉంటే తలా ఒక చిన్న గుంట తవ్వి ఊరుకుంటాయి, చెవికి పెద్దగా తెలియవు. అంటే ఏ ఒక్క దూరమో గొప్పది కాదు, మూడూ ఒకటి కాకూడదు, అంతే.

అప్పట్నుంచి గదంతా మాస్కింగ్ టేపు. ఇక్కడ ఒక గుర్తు, అక్కడ ఒక గుర్తు, పక్కన పెన్నుతో తేదీ. మా అమ్మాయి తొక్కుడుబిళ్ళ గీశాననుకుని ఒంటికాలి మీద గెంతుతూ, "నాన్నా, ఈ గడి చిన్నదైపోయింది" అని ఫిర్యాదు కూడా చేసింది. చివరికి ఆగింది ఇలా: వెనక గోడకి 22 అంగుళాలు, పక్క గోడకి 27, నేలకి 34. రెండు స్పీకర్ల మధ్య 78 అంగుళాలు, ఒక్కో స్పీకర్ నుంచి నా తల దాకా 84 కి కొంచెం తక్కువ, అంటే సమబాహు త్రిభుజానికి కాస్త ఇవతల. మూడడుగులకి లాగితే తప్ప లాభం లేదన్న ఊరి మాటకి విరుద్ధంగా స్పీకర్ వెనక ఖాళీ పదకొండు అంగుళాలే. మీ గదిలో ఈ అంకెలు పనిచేయవు, కాపీ కొట్టకండి.

నేల నుంచి 34 రావడం కోసం 28 అంగుళాల స్టాండ్లు కావాల్సొచ్చాయి. బజార్లో దొరికేవి చాలావరకు 24. వెల్డింగ్ షాపులో ఇనప పైపుతో చేయించా. మొదటిసారి తెచ్చిన జత టైల్స్ మీద పీటలా ఊగింది, రసమట్టం పెట్టి చూపిస్తే గాని ఆయన ఒప్పుకోలేదు, మళ్ళీ కోసి అతికాడు. పైపులో ఇసుక నింపాలంటే ముందు ఇసుకని మూకుడులో వేయించి తడి పోగొట్టండి, లేకపోతే లోపల తుప్పు. వంటింట్లో ఇసుక వేయించడానికి అనుమతి ఎలా సంపాదించానో అది వేరే కథ.

ఇక్కడిదాకా మైక్ పని. ఇక్కడ్నుంచి దాని పని తక్కువ, చెవి పని ఎక్కువ. ఇది సరిగ్గా చెప్పకపోతే ఈ రివ్యూ చదివి ఎవరైనా గ్రాఫ్ పిచ్చిలో పడిపోతారు, నేను పడ్డట్టు. రెండు మూడు వందల హెర్ట్జ్‌కి కింద గదిదే రాజ్యం, అక్కడ మైక్ చెప్పిందే వేదం. దానికి పైన మైక్‌ని రెండంగుళాలు జరిపితే గీత మారిపోతుంది, రెండు స్పీకర్లు కలిపి కొలిస్తే పై శబ్దాల్లో దువ్వెన పళ్ళలా లేస్తుంది. అవి చూసి స్పీకర్లు తిప్పుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. నేను రెండు రాత్రులు కూర్చున్నా.

గొంతు ఎక్కడ నిలబడుతోంది, ఎంత వెడల్పుగా ఉంది అన్నది తేల్చడానికి నేను వాడింది ఘంటసాల గారిని. యాభైల నాటి సినిమా పాటలు మోనో, అంటే ఎడమ స్పీకర్లోనూ కుడి స్పీకర్లోనూ ఒకే శబ్దం. అన్నీ సరిగ్గా ఉంటే ఆ గొంతు రెండు స్పీకర్ల సరిగ్గా నడుమ, గాల్లో, పిడికెడు జాగాలో నిలబడాలి. స్పీకర్లు రెండూ లేనట్టే అనిపించాలి. గొంతు చాపలా పరుచుకుంటే ఎక్కడో తేడా ఉన్నట్టు. స్టీరియో డిస్కు పెట్టి సెట్ చేయబోయే వాళ్ళకి ఇదే చెప్తా, ముందు మోనో పాట పెట్టండి, అందులో దాక్కోవడానికి చోటుండదు. ఆడియోఫైల్ రికార్డులని అమ్మేవాటి కన్నా పాత తెలుగు పాట ఒకటి ఈ పనికి ఎక్కువ పనికొస్తుంది. ఆ రికార్డింగుల్లో బేస్ తక్కువ, చిటపటలు ఎక్కువ, ఉండనీయండి, మనం చూస్తున్నది నిలబడే చోటు మాత్రమే.

మొదట మా ఇంట్లో ఘంటసాల గారు కుడికి జానెడు జరిగి నిలబడ్డారు. టేపుతో కొలిస్తే దూరాలు రెండూ సమానమే. అప్పుడు తాపీ పని వాళ్ళ పద్ధతికి వెళ్ళా. మైక్ స్టాండుకి పురికొస కట్టి, ఎడమ స్పీకర్ ట్వీటర్ దాకా బిగించి ముడేసి, అదే కొసని కుడి వైపు తిప్పితే ముప్పావు అంగుళం తేడా. టేపు వంగిపోతూ అబద్ధం చెప్పింది. సరిచేశాక కూర్చుని కళ్ళు మూసుకుంటే గొంతు నా ముక్కుకి ఎదురుగా వచ్చి ఆగింది. మా ఆవిడని పిలిచి కూర్చోబెట్టా. "మధ్యలో ఇంకో స్పీకర్ పెట్టారా?" అని లేచి వెళ్ళి వెనక చూసొచ్చింది. మూడు నెలల్లో నాకు దొరికిన ఒకే ఒక్క ప్రశంస అది.

స్పీకర్లని లోపలికి ఎంత తిప్పాలన్నది కూడా ఇలాగే. నేరుగా ముఖం మీదకి తిప్పితే బొమ్మ గట్టిగా ఉంది కానీ వయోలిన్ అరగంటకే అలసట తెప్పించింది. గోడకి సమాంతరంగా వదిలేస్తే మెత్తగా ఉంది, గొంతు మళ్ళీ చాప. రెండు స్పీకర్ల చూపూ నా భుజాల వెనక ఎక్కడో కలిసేలా పెట్టి వదిలేశా. యూని-క్యూ లాంటి స్పీకర్లు ఈ విషయంలో కాస్త ఓర్పు చూపిస్తాయి, దివాన్ మీద పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా ఫర్వాలేదనిపిస్తుంది.

పక్క గోడల ప్రతిధ్వనికి అద్దం చిట్కా అందరికీ తెలిసిందే. మీరు కూర్చోండి, ఒకరు గోడ వెంట అద్దం జరుపుతూ వెళ్ళాలి, అద్దంలో ట్వీటర్ కనిపించిన చోట ఏదైనా మెత్తటిది పెట్టాలి. ఒక వైపు పుస్తకాల అర, ఇంకో వైపు అమ్మమ్మ కుట్టిన బొంత నాలుగు మడతలు వేసి వేలాడదీశా. చప్పట్లు కొడితే వచ్చే టంగ్ టంగ్ మోత తగ్గింది. గుడ్ల ట్రే ఆకారంలో అమ్మే పలచటి ఫోమ్ ముక్కలు బేస్‌కి ఏమీ చేయవు, 43 హెర్ట్జ్‌లో నాలుగో వంతు అలే ఆరున్నర అడుగులు, రెండంగుళాల ఫోమ్ దానికి దోమతెర లాంటిది.

మిగిలిన నాలుగైదు డెసిబెల్స్ గుట్టని ల్యాప్‌టాప్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రాంతో కోసేశా. కొలిచే సాఫ్ట్‌వేరే ఫిల్టర్ లెక్కగట్టి ఇస్తుంది. గుట్టలు కోయొచ్చు కానీ గోతులు పూడ్చబోకండి, అక్కడ ఎంత పోసినా గోడ తిప్పికొట్టి అంతా కొట్టేస్తుంది, యాంప్లిఫైయర్ వేడెక్కడమే మిగిలేది. అందుకే కదపడం ముందు, ఈక్యూ (ఈక్వలైజర్‌తో కోయడం) తర్వాత. ఈ వరస తిరగేసి చేసినవాళ్ళ ఇళ్ళలో నేను విన్నా, గట్టిగా ఉంటుంది, ఊపిరి ఉండదు.

మైక్ గురించి తెలిసి కొనాల్సినవి రెండు. కూడా వచ్చే చిన్న స్టాండు టేబుల్ మీద పెట్టుకునే సైజు, చెవి ఎత్తుకి రావాలంటే పొడుగు మైక్ స్టాండు వేరే కావాలి, నిచ్చెనకి కట్టి కొలిచినా గ్రాఫ్ వస్తుంది కానీ ఆ నిచ్చెనే శబ్దాన్ని అడ్డుకుంటుంది. రెండోది, ఇది యూఎస్‌బీ మైక్ కాబట్టి మైక్‌దో గడియారం, స్పీకర్ వైపుదో గడియారం. ఎడమ కుడి టైమింగ్ పోల్చాలంటే సాఫ్ట్‌వేర్‌లో అకౌస్టిక్ టైమింగ్ రిఫరెన్స్ అనే ఆప్షన్ పెట్టుకోవాలి. ఇద్దరు ముగ్గురు దీని దగ్గరే తికమకపడి వదిలేయడం చూశా. స్పీకర్లు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి మాత్రం ఇదేమీ అక్కర్లేదు.

ఎవరు కొనాలి? స్పీకర్లు మార్చే ఆలోచనలో ఉన్నవాళ్ళు, మార్చడానికి ముందు. గదిలో ఫర్నిచర్ కనీసం అడుగున్నర జరిపే అవకాశం ఉన్నవాళ్ళు. అన్నీ గోడకి బిగించేసిన ఇంట్లో ఇది జబ్బు పేరు చెప్తుంది, మందు ఇవ్వదు. గ్రాఫ్ సాఫీగా లేకపోతే నిద్రపట్టని మనస్తత్వం ఉంటే దయచేసి వద్దు. సాఫీ గీత ఏ ఇంట్లోనూ రాదు, పది డెసిబెల్స్ ఎత్తుపల్లాల్లో ఉంటే హాయిగా పాట వినండి.

ప్రస్తుతం మైక్ బస్ పార్సిల్‌లో విజయవాడ వెళ్ళింది. వాడి హాల్లో ఒక వైపు గోడ, ఇంకో వైపు వంటింట్లోకి తెరిచిన ఆర్చి, రెండు గ్రాఫులూ పంపించి "ఇప్పుడేం చేయాలి బావా" అంటున్నాడు. మా ఇంట్లో తడిగుడ్డ పెట్టేటప్పుడు టేపు గుర్తులు రెండుసార్లు ఊడిపోయాయి, అందుకని స్టాండ్ల మూలల దగ్గర టైల్స్ మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టా. సీసా ఎవరు ఖాళీ చేశారన్న విచారణ ఇంకా జరుగుతోంది.